వెండింగ్ మెషిన్‌లో ఏ సరుకు పెట్టాలి? కాయిల్ కాయిల్‌కీ లెక్క చూసుకునే పద్ధతి

హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రి కింది అంతస్తులో, అటెండెంట్లు పడుకునే హాలు పక్కన నా మెషిన్ ఒకటి ఉంది. పెట్టిన కొత్తలో దాని నిండా చిప్స్, చాక్లెట్లు, కూల్‌డ్రింకులు నింపాను. కిరాణా కొట్లలో ఏవి బాగా కదులుతున్నాయో డిస్ట్రిబ్యూటర్‌ని అడిగి అవే తెచ్చాను. మూడో రోజు రాత్రి పదకొండు దాటాక సరుకు సర్దుతుంటే, పాలమూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ దగ్గరికొచ్చి నిలబడింది. చేతిలో స్టీలు గ్లాసు ఉంది. పై వరస నుంచి కింది వరస దాకా ఒక్కొక్కటే చూసి, "బిడ్డా, ఇందుల పాలుంటయా?" అని అడిగింది. లేవన్నాను. "పోనీ, చాయ్‌ల ముంచుకునే రస్కులన్న?" అవీ లేవు. ఆ వేళకి బయట కొట్లన్నీ మూసేశారు. 40 రకాల సరుకు కళ్ల ముందుంది, ఆమెకి పనికొచ్చేది ఒక్కటీ లేదు.

ఆ రాత్రి తర్వాత సరుకు ఎంచుకునే పద్ధతే మార్చుకున్నాను. మెషిన్ కొత్తగా పెట్టేవాళ్లు, పెట్టి అమ్మకాలు లేక టెన్షన్ పడుతున్నవాళ్లు ఫోన్ చేసినప్పుడల్లా చెప్పేదే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఉదాహరణకి ఎక్కువగా ఆసుపత్రినే తీసుకుంటాను, నాకు బాగా తెలిసిన చోటు అదే కాబట్టి.

1. సరుకు కొనకముందు ఆ చోట ఒక రోజు కూర్చోండి

ఒక రోజంటే పొద్దున ఆరు నుంచి రాత్రి పన్నెండు దాకా. ఒకేసారి కుదరకపోతే రెండు మూడు రోజుల్లో ముక్కలు ముక్కలుగా కూర్చోండి. చిన్న నోట్‌బుక్కులో గంట గంటకీ మూడు సంగతులు రాసుకోండి: ఎవరు వస్తున్నారు, ఎంతసేపు ఉంటున్నారు, తినడానికీ తాగడానికీ ఎక్కడికి వెళ్తున్నారు.

క్యాంటీన్ ఎప్పుడు తెరుస్తారు, ఎప్పుడు మూస్తారు అన్నది అన్నిటికంటే ముఖ్యం. మెషిన్‌కి అసలు వ్యాపారం క్యాంటీన్ మూసిన గంటల్లోనే. మా ఆసుపత్రిలో అది రాత్రి తొమ్మిదిన్నర నుంచి పొద్దున ఆరున్నర దాకా. క్యాంటీన్ నడిచే వేళ వేడి ఇడ్లీతో, సమోసాతో పోటీపడి గెలిచే ప్యాకెట్ ఏదీ లేదు, ఆ పోటీకి వెళ్లనే వద్దు.

ఇంకో పని చెప్తాను, చాలామంది మొహమాటపడి చేయరు. అక్కడున్న చెత్తబుట్టలు చూడండి. సాయంత్రం ఊడ్చేవాళ్లు వచ్చే ముందు వెళ్లి, ఏ ప్యాకెట్లు, ఏ సీసాలు, ఏ సైజువి పడున్నాయో లెక్కపెట్టండి. జనం నోటితో చెప్పేదానికీ కొనేదానికీ తేడా ఉంటుంది, చెత్తబుట్ట కొన్నదే చూపిస్తుంది. మా దగ్గర బుట్టల్లో లీటరు నీళ్ల సీసాలు, గ్లూకోజ్ బిస్కెట్ రేపర్లు, పాల ప్యాకెట్లు, అరటితొక్కలు కనపడ్డాయి. చాక్లెట్ రేపర్లు చాలా తక్కువ. ముందే చూసి ఉంటే నా మొదటి పెట్టుబడిలో సగం మిగిలేది.

సెక్యూరిటీ అన్నతో, ఊడ్చే అక్కతో, నైట్ డ్యూటీ సిస్టర్‌తో కూర్చుని మాట్లాడండి. "అర్ధరాత్రి మనుషులు మిమ్మల్ని ఏం కావాలని అడుగుతారు?" అని అడిగితే చాలు. మా సెక్యూరిటీ అన్న ఆలోచించకుండా చెప్పాడు: "నీళ్లు, ఫోన్ చార్జర్, టూత్‌బ్రష్షు." తినేది ఒక్కటి కూడా ఆయన జాబితాలో లేదు.

2. చట్టం ఒప్పుకోనివి ముందే తీసేయండి

ఎంచుకోవడం కంటే ముందు ఏవి పెట్టకూడదో తేల్చుకుంటే పని తేలికవుతుంది.

మన దేశంలో ప్యాకెట్ మీద వేసిన ఎంఆర్‌పీకి ఒక్క రూపాయి కూడా ఎక్కువ తీసుకోకూడదు. కరెంటు ఖర్చు, కూలింగ్ చార్జీ అని పైన వేయడం కుదరదు. విదేశాల్లో వెండింగ్ గురించి చెప్పే వీడియోలు చూసి లెక్కలు వేసుకునేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. అక్కడ మెషిన్ ఓనరు తన ధర తానే పెట్టుకుంటాడు. మనకి ధర కంపెనీ ముందే అచ్చువేసి పంపుతుంది. కాబట్టి మన లాభం పెరగాలంటే ఉన్న దారులు రెండే, ఎంత తక్కువకి కొన్నాం, ఏ సరుకు ఎంచుకున్నాం.

తినే సరుకు అమ్మడానికి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్ గానీ, అమ్మకాలు పెద్దవైతే లైసెన్స్ గానీ ఉండాలి. పొగాకు ఉత్పత్తులు ఏవీ వెండింగ్ మెషిన్ ద్వారా అమ్మకూడదు. మందులకి డ్రగ్ లైసెన్స్ కావాలి కాబట్టి తలనొప్పి బిళ్ల కూడా వద్దు, ఎంతమంది అడిగినా సరే. స్కూల్లో పెట్టేటట్లయితే 2020లో వచ్చిన ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనలు చదవండి. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న సరుకు స్కూలు ఆవరణలోనూ, గేటు నుంచి 50 మీటర్ల లోపూ అమ్మకూడదు. చిప్స్, కూల్‌డ్రింకులు పోయాక మిగిలేది పాలు, మజ్జిగ, పల్లీపట్టి, వేయించిన శనగలు లాంటివి. వాటితో గిట్టుబాటవుతుందా అన్నది స్కూలు వాళ్లతో ఒప్పందం రాసుకునే ముందే చూసుకోవాలి.

ఆసుపత్రుల్లో పెట్టేవాళ్లకి ఒక మాట గట్టిగా చెప్పాలి. ఓఆర్‌ఎస్ అంటే విరేచనాలైనప్పుడు నీళ్లలో కలిపి తాగించే పొడి, ఆ పేరు పెట్టుకుని తియ్యటి పానీయాలు చాలా ఏళ్లు మార్కెట్లో నడిచాయి. హైదరాబాద్‌కి చెందిన పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు వాటి మీద ఏళ్ల తరబడి పోరాడారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఫార్ములా కాని పానీయాల మీద ఆ పేరు వాడకూడదని 2025 అక్టోబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశాలిచ్చింది. విరేచనాలతో ఉన్న బిడ్డ కోసం అర్ధరాత్రి పరుగెత్తుకొచ్చిన తల్లి అట్టపెట్టె మీద రాసింది నమ్మి కొంటుంది. పాత స్టాకు తక్కువకి ఇస్తామని ఎవరైనా వస్తే తీసుకోవద్దు. అసలు ఓఆర్‌ఎస్ పొట్లం మందుల షాపులో దొరుకుతుంది. మెషిన్ పక్కన "ఓఆర్‌ఎస్ కోసం ఫార్మసీకి వెళ్లండి" అని బాణం గుర్తుతో కాగితం అంటించాను, మీరూ అంటించండి.

3. కాయిల్ రోజుకి ఎంత సంపాదిస్తోందో లెక్కేయండి

కాయిల్ అంటే మెషిన్ అద్దం వెనక సరుకుని వరసగా నిలబెట్టే మెలికల తీగ. ప్రతి కాయిల్‌నీ మీరు అద్దెకిచ్చిన గది అనుకోండి. అందులో ఉన్న సరుకు రోజూ అద్దె కట్టాలి. ప్యాకెట్ మీద ఎంత మిగులుతుందని చూస్తే సరిపోదు, రోజుకి ఎన్ని పోతున్నాయని చూసినా సరిపోదు, రెండూ గుణించాలి. గుణించే ముందు స్థలం ఇచ్చినవాళ్లకి కట్టే వాటా తీసేయాలి. ఆ వాటా చాలాచోట్ల అమ్మకం మీద ఇంత శాతం అని ఉంటుంది, లాభం మీద కాదు. తేడా ఎంత ఉంటుందో చూడండి.

స్థలం వాటా అమ్మకంలో 5 శాతం అనుకుందాం.

10 రూపాయల చిప్స్ ప్యాకెట్ 9 రూపాయలకి పడింది. మిగిలేది రూపాయి. వాటా 50 పైసలు పోతే చేతికి 50 పైసలు. రోజుకి 8 పోయినా ఆ కాయిల్ సంపాదన 4 రూపాయలు.

40 రూపాయల డ్రై ఫ్రూట్ బార్ 30కి పడింది. 10 మిగిలితే వాటా 2 రూపాయలు పోయి 8. రోజుకి రెండే పోయినా 16 రూపాయలు.

20 రూపాయల నీళ్ల సీసా 12కి పడింది. 8 మిగిలితే వాటా రూపాయి పోయి 7. రోజుకి 6 పోతే 42 రూపాయలు.

కొన్న ధరలు ఊరిని బట్టి, కంపెనీని బట్టి మారతాయి. మీ బిల్లులు పెట్టుకుని మీ అంకెలు వేసుకోండి. కానీ లెక్క నడిచే తీరు ఎక్కడైనా ఇదే. కాయిల్‌లో ఎనిమిది పట్టే ఆ చిప్స్ రోజూ ఖాళీ అవుతుంటే మెషిన్ బ్రహ్మాండంగా నడుస్తోంది అనిపిస్తుంది. దాన్ని నింపడానికి రోజూ వెళ్లే పెట్రోల్‌కి కూడా ఆ 4 రూపాయలు సాయపడవు.

అలాగని 10 రూపాయల సరుకు మొత్తం తీసేయమని కాదు. జేబులో పది రూపాయలే ఉన్న మనిషికి కూడా మెషిన్‌లో ఏదో ఒకటి దొరకాలి, అది నా పట్టుదల. వాటికి రెండు మూడు కాయిల్స్ కేటాయించి, వాటి మీద లాభం రాదని ముందే ఒప్పేసుకోండి. మార్జిన్ కొంచెం మెరుగ్గా కావాలంటే స్థానిక బ్రాండ్లు చూడండి. పల్లీపట్టి, నువ్వుల ఉండలు, కారప్పూస, ఉస్మానియా బిస్కెట్లు తయారుచేసే చిన్న యూనిట్లు పెద్ద కంపెనీల కంటే ఎక్కువ వదులుతాయి. వాళ్ల దగ్గర కొనేటప్పుడు లేబుల్ మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు, తయారీ తేదీ, ఎంఆర్‌పీ, శాకాహారం గుర్తు అన్నీ ఉన్నాయో లేదో చూసే కొనండి. లేబుల్ లేని కవరు ఎంత రుచైనదైనా మెషిన్‌లోకి వెళ్లకూడదు.

ఇంకొకటి, 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ మారింది. బిస్కెట్లు, చాక్లెట్లు, నమ్‌కీన్ 5 శాతానికి దిగాయి. గ్యాస్ ఉన్న తియ్యటి కూల్‌డ్రింకులు 40 శాతంలోకి వెళ్లాయి. మీ పాత లెక్కల షీటు అంతకు ముందుదైతే మళ్లీ మొదటి నుంచి వేయండి.

4. కార్టన్ కొనే ముందు ఒక్క ప్యాకెట్‌తో పరీక్ష

కొట్లో అమ్ముడుపోయే ప్రతి ప్యాకెట్టూ మెషిన్‌లో నడవదు. కాయిల్ ఒక చుట్టు తిరిగితే ఒక ప్యాకెట్ కింద పడాలి. చుట్టుకీ చుట్టుకీ మధ్య ఉన్న సందు ప్యాకెట్ మందానికి సరిపోవాలి. సందు ఎక్కువైతే ప్యాకెట్ వాలిపోయి రెండు పడతాయి, ఇరుకైతే ఇరుక్కుని వేలాడుతుంది. అద్దం వెనక ప్యాకెట్ వేలాడుతుంటే, డబ్బు కట్టిన మనిషి మెషిన్‌ని ఊపడం మొదలుపెడతాడు. ఆయన తప్పేం లేదు, డబ్బు పోయింది ఆయనది.

అందుకే ఏ కొత్త సరుకైనా ఐదారు ప్యాకెట్లు విడిగా కొని, కాయిల్ నింపి, తలుపు మూసి, ఒక్కొక్కటే పడేయించి చూడండి. నేను చూసేవి ఇవి:

ఉబ్బిన చిప్స్ ప్యాకెట్ పై అంచు ట్రే కప్పుకి తగలకూడదు. కింది అంచు కాయిల్ తీగ కింద దూరకుండా నిలబెట్టాలి.

పొడవాటి గుండ్రటి బిస్కెట్ ప్యాకెట్లు పక్కకి దొర్లుతాయి. వాటికి వెడల్పు తక్కువున్న కాయిల్ కావాలి.

సన్నటి చాక్లెట్ బార్లు అడ్డంగా పడితే కొన్ని మెషిన్లలో సెన్సర్‌కి అందవు. సరుకు పడినా పడలేదనుకుని డబ్బు వెనక్కి ఇచ్చేస్తుంది.

గాజు సీసాలు వద్దు. లిఫ్ట్‌లాగా ట్రే దాకా వచ్చి సరుకు దించే మెషిన్ మీ దగ్గర ఉంటే తప్ప.

పలచటి కవరు పాలు, పెరుగు పడితే పగులుతాయి. అట్టపెట్టెలో వచ్చే 200 మిల్లీలీటర్ల టెట్రా ప్యాక్‌లే మెషిన్‌కి మంచివి.

జీఎస్టీ తగ్గాక కొన్ని కంపెనీలు అదే 10 రూపాయలకి బరువు పెంచాయి. ప్యాకెట్ లావెక్కింది. ఆరు నెలలుగా ఇబ్బంది లేకుండా పడుతున్న సరుకు నా కాయిల్‌లో ఒక్క వారంలో మూడుసార్లు ఇరుక్కుంది. కారణం తెలిసేదాకా మోటారునే అనుమానించాను. పాత సరుకే అయినా కొత్త కార్టన్ విప్పిన ప్రతిసారీ ఒకదాన్ని చేత్తో కొలిచి చూసుకోండి.

5. ఏది ఏ ట్రేలో

బరువైనవి కిందికి. సీసా ఎత్తు నుంచి పడితే సొట్ట పడుతుంది, గ్యాస్ ఉన్నదైతే మూత తీయగానే పొంగి మీద పడుతుంది. తేలికైన చిప్స్ పైకి. కూలింగ్ ఉన్న మెషిన్లలో చల్లగాలి కిందనే ఎక్కువ ఉంటుంది కాబట్టి పానీయాలకి కిందే అనువు.

చాక్లెట్ విషయంలో మాత్రం జాగ్రత్త. కోకో బటర్ 32 నుంచి 34 డిగ్రీల మధ్య కరుగుతుంది. మన వైపు ఏప్రిల్, మే నెలల్లో కరెంటు రెండు గంటలు పోతే చాలు, మూసి ఉన్న మెషిన్ లోపల ఆ వేడి వచ్చేస్తుంది. కరిగి మళ్లీ గట్టిపడిన చాక్లెట్ మీద తెల్లటి పొర వస్తుంది. తింటే ప్రమాదమేమీ లేదు, కానీ కొన్నవాళ్లు బూజు పట్టిందనుకుంటారు, మళ్లీ మీ మెషిన్ దగ్గరికి రారు. జనరేటర్ బ్యాకప్ లేని చోట మార్చి నుంచి జూన్ దాకా చాక్లెట్ తీసేసి, ఆ కాయిల్స్‌లో వేఫర్లు, పల్లీపట్టి వేయడం మేలు.

కళ్ల ఎత్తున ఉన్న ట్రే అన్నిటికంటే విలువైనది. అక్కడ ఎక్కువ మిగిలే సరుకు పెట్టమని అందరూ చెప్తారు. నేను కొంచెం వేరేగా చేస్తాను. ఆసుపత్రిలో ఆ వరసలో జనం వెతుక్కుంటూ వచ్చేవి పెడతాను: రస్కులు, గ్లూకోజ్ బిస్కెట్లు, బ్రష్షు. కంగారులో ఉన్న మనిషి చేత వెతికించడం నాకిష్టం లేదు.

6. మొదటిసారి నింపడం

ఐదు ట్రేలు, 40 కాయిల్స్ ఉన్న మెషిన్ అనుకుంటే, ఆసుపత్రికి నేను ఇప్పుడు ఇలా పంచుతాను. కింది రెండు ట్రేలు, అంటే 16 కాయిల్స్ పానీయాలకి: నీళ్లు 5, పాలు-మజ్జిగ-లస్సి 6, పళ్లరసాలు, కూల్‌డ్రింకులు కలిపి 5. బిస్కెట్లు, రస్కులకి 9. చిప్స్, కారం సరుకుకి 6. పల్లీలు, డ్రై ఫ్రూట్స్‌కి 3. చాక్లెట్లకి 2. మిగిలిన 4 అవసర వస్తువులకి: టూత్‌బ్రష్-పేస్ట్ సెట్టు, శానిటరీ ప్యాడ్లు, చార్జింగ్ కేబుల్, సబ్బు-షాంపూ పొట్లం.

ఈ నాలుగు కాయిల్స్‌కి ఎక్స్‌పైరీ టెన్షన్ పెద్దగా లేదు, మార్జిన్ బాగుంటుంది, అర్ధరాత్రి వాటికి పోటీ లేదు. పల్లె నుంచి కట్టుబట్టలతో అంబులెన్సు ఎక్కి వచ్చినవాళ్లకి అవి నిజంగా కావాలి. చార్జింగ్ కేబుల్ అయితే ఊళ్లో ఉన్న వాళ్లకి కబురు చెప్పడానికి ఉన్న ఒకే దారి. నాసిరకం కేబుల్ తెచ్చి పెట్టకండి. బేగంబజార్‌లో 30 రూపాయలకీ దొరుకుతుంది, తెల్లారేసరికి పనిచేయడం మానేస్తుంది.

ఒకే రకం సరుకులో ఎక్కువ బ్రాండ్లు పెట్టకండి. నాలుగు రకాల కూల్‌డ్రింకుల కంటే, థమ్సప్ రెండు కాయిల్స్, మామిడి రసం ఒకటి ఉంటే రీఫిల్ మధ్యలో ఖాళీ అవ్వదు. అందరూ అడిగేది అయిపోవడం, ఎవరూ అడగనిది మిగిలిపోవడం, మెషిన్‌కి చెడ్డపేరు వచ్చేది ఇక్కడే.

డబ్బు తీసుకునే పద్ధతి కూడా సరుకుని మారుస్తుంది. యూపీఐ మాత్రమే ఉంటే 35, 45 రూపాయల వస్తువులు నిక్షేపంగా పెట్టొచ్చు, చిల్లర గొడవ లేదు. కానీ ఆసుపత్రిలో ఫోన్ పే వాడని పెద్దవాళ్లు ఎక్కువ. నోట్లు తీసుకునే మెషిన్ అక్కడ తప్పనిసరి, ధరలు 10, 20, 50 దగ్గర ఉంటే వాళ్లకి సులువు.

7. ఆఫీసు, కోచింగ్ సెంటర్

మాదాపూర్ లాంటి చోట ఐటీ ఆఫీసుల్లో కాఫీ, టీ ఊరికే ఇస్తారు కాబట్టి పానీయాలు తగ్గించండి. సాయంత్రం నాలుగు నుంచి ఆరు మధ్య, తర్వాత నైట్ షిఫ్ట్‌లో అమ్మకాలు. మఖానా, వేయించిన బాదం, ప్రోటీన్ బార్లు 50 రూపాయలైనా అక్కడ కదులుతాయి. అయితే సోమవారం నుంచి గురువారం దాకా ఒక లెక్క, శుక్రవారం ఆఫీసు సగం ఖాళీ. వారం మొత్తానికి స్టాకు వేసేటప్పుడు అది చూసుకోండి.

అమీర్‌పేట వైపు కోచింగ్ సెంటర్లలో పిల్లలకి 10, 20 రూపాయల సరుకే కావాలి, కడుపు నిండేది కావాలి. క్రీమ్ బన్ను, కేకు, లస్సి బాగా పోతాయి. క్లాసుకీ క్లాసుకీ మధ్య పదిహేను నిమిషాల్లో అందరూ ఒకేసారి పడతారు కాబట్టి బాగా పోయే సరుకు రెండేసి కాయిల్స్‌లో ఉంచండి. ఎనర్జీ డ్రింకులు పిల్లలకీ, గర్భిణులకీ మంచివి కావని ఆ డబ్బా మీదే రాసి ఉంటుంది. పదహారేళ్ల ఇంటర్ పిల్లలు చదివే చోట నేను పెట్టను. అడిగారు, అయినా పెట్టలేదు.

8. వారం వారం చూసుకోవలసినవి

పాత సరుకు ముందుకి, కొత్తది వెనక్కి. కాయిల్‌లో ఇది చేయాలంటే ఉన్నవి తీసి మళ్లీ పేర్చాలి, పది నిమిషాలు ఎక్కువ పడుతుంది. సోమరితనంతో పాతవి వెనక్కి జరిపి ముందు కొత్తవి పెడితే వెనక్కి వెళ్లిన ప్యాకెట్టు ఎక్స్‌పైరీ దాటాకే బయటికొస్తుంది. పాలు, లస్సి, కేకుల తేదీలు విడిగా ఒక కాగితం మీద రాసి మెషిన్ తలుపు లోపలివైపు అంటించండి.

నెలకోసారి మూడో అంచెలోని లెక్క అన్ని కాయిల్స్‌కీ వేసి, అట్టడుగున ఉన్న నాలుగు తీసి కొత్తవి పెట్టండి. నాలుగే. ఒకేసారి సగం మార్చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. రోజూ వచ్చేవాళ్లు కూడా తమ సరుకు కనపడక తికమకపడతారు. కొత్తదానికి మూడు వారాలు టైమ్ ఇవ్వండి.

క్యాలెండర్ పక్కన పెట్టుకోండి. కార్తీకమాసంలో, అయ్యప్ప మాలల సీజన్‌లో గుడ్డు కలిసిన కేకులు ఆగిపోతాయి. ఆ నెలన్నర గుడ్డు లేని కేకులు, అరటికాయ చిప్స్, పాలు పెంచండి. రంజాన్‌లో ఖర్జూరం ప్యాకెట్లు, నీళ్లు సాయంత్రం ఇఫ్తార్ వేళకి కాయిల్ నిండుగా ఉండాలి. డ్యూటీలో ఉండి ఇంటికి వెళ్లలేని వార్డుబాయ్‌కి ఆ వేళకి సరుకు లేదంటే చాలా బాధగా ఉంటుంది. ఎండాకాలం మజ్జిగకి ఇంకో రెండు కాయిల్స్ ఇవ్వండి.

చివరిది, మెషిన్ మీద మీ ఫోన్ నంబరు పెద్ద అక్షరాలతో రాసి, కింద "మీకు కావలసింది ఇందులో లేకపోతే చెప్పండి" అని తెలుగులో, హిందీలో, ఉర్దూలో అంటించండి. వచ్చిన ప్రతి కాల్‌నీ నోట్‌బుక్కులో రాసుకోండి. ఒకే వస్తువు నెలలో ఐదుసార్లు కనపడితే దానికి కాయిల్ ఇచ్చేయొచ్చు. మా ఆసుపత్రి మెషిన్‌లో పసిపిల్లల డైపర్లు, ఒక్కొక్కటి విడిగా ప్యాక్ చేసినవి, అలాగే వచ్చాయి. పాలు, రస్కులు ఇప్పుడు కళ్ల ఎత్తున ఉన్న ట్రేలో పక్కపక్కనే ఉంటాయి. పాలు పైకి వెళ్లడం కూలింగ్ లెక్క ప్రకారం సరికాదు, టెట్రా ప్యాక్ కాబట్టి పాడవవు. రాత్రి పదకొండు దాటాక ఆ రెండు కాయిల్స్ ముందు ఖాళీ అవుతాయి, అందుకే సాయంత్రం రీఫిల్‌లో మొదట వాటినే నింపుతాను.